కుడి మలుపులో బండి బయటికి ఎందుకు పోతోంది?

ప్రశ్న: నా వయసు 24. మాది కావలి. రెండేళ్ళుగా యమహా ఆర్15 నడుపుతున్నాను. నెలకు ఒకటి రెండు ఆదివారాలు మిత్రులతో కలిసి దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు మీదుగా వెళ్ళి వస్తుంటాను. వాళ్ళు మలుపుల్లో సీటు మీద నుంచి పక్కకు జరిగి మోకాలు రోడ్డుకు ఆనించినంత పని చేస్తారు. నేనూ అలాగే ప్రయత్నిస్తే ఎడమ మలుపులు కాస్త కుదురుతున్నాయి గాని, కుడి మలుపుల్లో బండి రోడ్డు అంచు మీది కంకర వైపు పోతోంది. కిందటి నెల ఒకసారి పిట్టగోడ దాకా వెళ్ళి ఆగాను. గంట నడిపేసరికి అరచేతులు తిమ్మిరెక్కి, భుజాలు పట్టేస్తున్నాయి. మోకాలు దించాలంటే ఒంటిని ఎలా పెట్టాలి? వెనక వెడల్పాటి టైరు వేయిస్తే ఉపయోగం ఉంటుందా? ఇంట్లో నాన్న బండి అమ్మెయ్యమంటున్నారు.

సమాధానం: మీ పూర్తి ఉత్తరంలో మోకాలి గురించి నాలుగుసార్లు, చేతుల గురించి ఒక్కసారే రాశారు. నా దృష్టిలో మీ ఇబ్బంది అంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. అరచేతులు తిమ్మిరెక్కడం, భుజాలు పట్టెయ్యడం, కుడి మలుపులో బండి బయటికి పోవడం అన్నవి మూడు వేర్వేరు జబ్బులు కావు. మీ ఒంటి బరువును కాళ్ళు మోయవలసిన చోట చేతులు మోస్తున్నాయి. ఆ సంగతి తేలేదాకా మోకాలి మాట పక్కన పెట్టమని మొదటే కోరుతున్నాను.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. మలుపులో బండి ఎంత వాలాలి అన్నదాన్ని ప్రధానంగా నిర్ణయించేవి రెండే: వేగం, మలుపు వ్యాసార్ధం. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒక మోస్తరు వంపును గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తిరిగితే బండీ మనిషీ కలిసి 21 డిగ్రీల పైచిలుకు వాలాలి. అదే వంపులో 60 కిలోమీటర్లకు దాదాపు 30 డిగ్రీలు, 70కి 38కి దగ్గర, 80కి 45 డిగ్రీలు అవుతుంది. అంటే వేగం పది పెరిగిన ప్రతిసారీ వాలు సుమారు ఎనిమిది డిగ్రీలు పెరుగుతోంది. 45 డిగ్రీల దగ్గర టైరు మీద పక్కకు పడే బలం బండి, మనిషి మొత్తం బరువుతో సమానమవుతుంది. శుభ్రంగా, పొడిగా ఉన్న తారు మీద మంచి టైరు ఇవ్వగల పట్టు అంతా దాదాపు అక్కడికే సరిపోతుంది.

ఇప్పుడు మీరు సీటు మీద సగం పక్కకు జరిగి, తలనూ భుజాలనూ లోపలికి దించారని అనుకుందాం. మీ ఆర్15 బరువు 140 కిలోల పైచిలుకు, హెల్మెట్, జాకెట్‌తో సహా మీరు 75 కిలోలు అనుకుంటే, మీ శరీరపు గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టు ఉండే బిందువు) పది సెంటీమీటర్లు పక్కకు జరిగినప్పుడు మీ ఇద్దరి ఉమ్మడి గరిమనాభి జరిగేది మూడున్నర సెంటీమీటర్లు మాత్రమే. అది నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే, బండి వాలు తగ్గేది మూడు డిగ్రీల చిల్లర. సర్కస్ వాడిలా సీటు పక్కన వేలాడినందుకు మీకు దక్కే ప్రతిఫలం ఇంతే. అదే మలుపులోకి గంటకు నాలుగు కిలోమీటర్లు తగ్గించి వెళ్తే ఆ మూడు డిగ్రీలూ ఏ శ్రమా లేకుండా వస్తాయి. ల్యాపుకు, అంటే పందెపు ట్రాకు మీద ఒక చుట్టుకు, సెకనులో పదో వంతు కోసం పోరాడేవాడికి ఆ మూడు డిగ్రీలు బంగారమే గాని, శ్రీశైలం గుడికి వెళ్ళేవాడికి ఆ పదో వంతు సెకను దేనికో నాకు తెలియదు.

ఈ భంగిమ పుట్టుక కూడా పందెపు ట్రాకు మీదే. 1960లలో మైక్ హెయిల్‌వుడ్ వంటి మహామహులు మోకాళ్ళు ట్యాంకుకు హత్తుకుని, వెన్ను బండితోపాటే వాల్చి ప్రపంచ విజేతలయ్యారు. టైర్లు వెడల్పై పట్టు పెరిగిన తర్వాత, అమెరికాలో మట్టి ట్రాకుల మీద పెరిగిన కెన్నీ రాబర్ట్స్ 1978 నుంచి వరసగా మూడేళ్ళు 500 సీసీ ప్రపంచ ఛాంపియన్ కావడంతో మోకాలు దించే పద్ధతి అందరిదీ అయింది. వాళ్ళకు ఆ మోకాలు ఒక కొలబద్ద. నేల ఎంత దూరంలో ఉందో, బండి ఎంత వాలిందో అది చెబుతుంది. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మోటోజీపీ ప్రపంచ బైకు పందెంలో 60 డిగ్రీలు దాటి వాలిన బండ్లను మీరు కూడా టీవీలో చూసే ఉంటారు. అక్కడ ప్రతి మలుపునూ ఆ రోజు వాళ్ళు పదుల సార్లు తిరిగి ఉంటారు, ఎదురుగా బస్సు రాదు, పడితే జారడానికి కంకర మైదానం ఉంటుంది. ఆ మూడూ లేనిచోట ఆ కొలబద్ద కొలిచేది ఏమీ ఉండదు.

అలాగని ఒంటి భంగిమ వృథా అని అనడం లేదు. దాని అసలు ప్రయోజనం వేరే చోట ఉంది. శరీరం కాళ్ళతో బండికి బిగిసి ఉంటే చేతులు ఖాళీ అవుతాయి, చేతులు ఖాళీగా ఉంటే బండి తిరుగుతుంది. ఇందులో మర్మం ఏమిటంటే, వేగం అందుకున్న బండిని కుడికి తిప్పాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి. వినడానికి తలకిందులుగా ఉన్నా, విమానానికి ముందు సైకిళ్ళు తయారుచేసిన రైట్ సోదరులలో విల్బర్ రైట్ కూడా ఈ సంగతి గమనించి చెప్పినవాడే. కుడి చెయ్యి కొద్దిగా నెట్టగానే ముందు చక్రం క్షణకాలం ఎడమకు తిరిగి, బండి కుడికి వాలుతుంది, ఆ తర్వాత చక్రం తన దారి తానే వెతుక్కుంటుంది. మీ విషయంలో జరుగుతున్నది ఏమిటంటే, కుడి చెయ్యి నెడుతున్నప్పుడే భయంతో బిగిసిన ఎడమ చెయ్యి కూడా నెడుతోంది. రెండు ఎద్దులూ చెరో దిక్కుకు లాగుతుంటే బండి ఎక్కడికి పోతుంది? మీరు చాలా నెట్టాననే అనుకుంటారు, బండి మాత్రం వాలవలసినంత వాలదు, అంచు వైపు పోతుంది.

కాబట్టి పని కాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. పాదం మధ్య భాగం కాకుండా వేళ్ళ వెనక ఉండే గట్టి భాగం ఫుట్‌రెస్ట్ మీద ఉండాలి. మధ్య పాదం పెట్టి నడిపితే బండి వాలినప్పుడు బూటు కొస నేలకు తగిలి పాదం వెనక్కి మెలితిరిగే ప్రమాదం ఉంది, పైగా మడమ ఎత్తడానికి వీలుండదు. మలుపుకు బయటి వైపు ఉన్న కాలి మడమను కొద్దిగా ఎత్తితే, మోకాలు పైకి లేచి ట్యాంకు పక్కన ఉన్న గుంటలో తొడ బిగుసుకుంటుంది. కుడి మలుపులో ఎడమ తొడ, ఎడమ మలుపులో కుడి తొడ మీ లంగరు. ట్యాంకు నునుపుగా ఉండి ప్యాంటు జారుతుంటే రబ్బరు గ్రిప్ ప్యాడ్లు అంటించుకోండి. ఈ బండికి వేసుకోగల అలంకారాల్లో డబ్బుకు తగిన ఫలితం ఇచ్చేది నాకు తెలిసి అదొక్కటే. బ్రేకు వేసినప్పుడు కూడా ముందుకు తూలే ఒంటిని ఆపవలసింది రెండు మోకాళ్ళే. చేతులతో ఆపుతున్నారు గనుకే మీ అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. మీ బండికి ఉన్న క్లిప్‌ఆన్ హ్యాండిళ్ళు (ముందు ఫోర్కు గొట్టాలకు విడివిడిగా బిగించే పొట్టి హ్యాండిళ్ళు) కిందికి ఉండడం వల్ల ఆ బరువు ఇంకా ఎక్కువగా మణికట్ల మీద పడుతుంది.

దీనికి ఒక పరీక్ష ఉంది. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంతో పోతూ, పిడికిళ్ళు వదలకుండానే మోచేతులను కోడి రెక్కలు కొట్టినట్టు ఆడించండి. ఒళ్ళు ముందుకు పడిపోకుండా ఆడించగలిగితే కాళ్ళు తమ పని చేస్తున్నట్టు. పడిపోతుంటే మలుపుల్లో మీరు హ్యాండిల్‌ను ఊతకర్రగా వాడుతున్నట్టే. ఈ పరీక్ష నెగ్గడానికి నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో కొందరికి ఒక పూట చాలింది, ఇంకొందరికి నెల పట్టింది. నడుము, పొట్ట కండరాల బలం కూడా ఇందులో కలుస్తుంది గనుక రెండో రకం వాళ్ళు సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇక పై శరీరం. చాలామంది చేసే తప్పు, నేనూ చేసిన తప్పు ఒకటుంది. పిరుదులు మాత్రం మలుపు లోపలికి జరిపి, భయం కొద్దీ తలనూ భుజాలనూ ట్యాంకుకు అవతలి వైపే ఉంచేస్తాం. ఫొటోలో మోకాలు బయటికి వచ్చి గొప్పగా కనిపిస్తుంది, కాని కింద జరిపిన బరువును పైన వెనక్కి తీసుకుంటున్నాం గనుక లాభం సున్నా, నడుము మాత్రం మెలితిరుగుతుంది. పాత యమహా ఆర్‌ఎక్స్100 బండి నడిపిన రోజుల్లో రాపూరు నుంచి చిట్వేలు వెళ్ళే ఘాట్‌లో నేను సరిగ్గా ఇలాగే మెలితిరిగి కూర్చుని, ఎండుటాకులు కనబడి కంగారుపడి మలుపు మధ్యలో వెనక బ్రేకు తొక్కాను. కాలర్ బోన్ అతుక్కోవడానికి పట్టిన ఆరు వారాల్లో తప్పు బండిదా, ఆకులదా అని ఆలోచించి, రెండింటిదీ కాదని తేల్చుకున్నాను. సరైన పద్ధతిలో తల ముందు వెళ్తుంది. గడ్డం మలుపు లోపలి వైపు అద్దం దిశగా కిందికి, ముందుకు సాగుతుంది, దాని వెంట లోపలి భుజం దిగుతుంది, లోపలి మోచెయ్యి వంగి నేలను చూస్తుంది, బయటి ముంజెయ్యి ట్యాంకు మీద తేలికగా ఆనుతుంది. వెన్నెముక బండికి సమాంతరంగా ఉండాలి, వంకర తిరగకూడదు. పొట్టకూ ట్యాంకుకూ మధ్య ఒక పిడికిలి దూరం లేకపోతే తుంటి ట్యాంకు చుట్టూ తిరిగిపోయి ఈ పని సాధ్యం కాదు. సీటు మీద కాస్త వెనక్కి జరిగితే ఆ దూరం దొరుకుతుంది.

ఘాట్ రోడ్డు మీద నా సలహా ఇంకా పొదుపైనది. సీటు మీద నుంచి అసలు జరగవద్దు. తలనూ భుజాలనూ మాత్రం లోపలికి దించండి. లెక్కలోని మూడు డిగ్రీలలో మంచి భాగం అందులోనే వస్తుంది, ఎందుకంటే మనిషి బరువులో సగానికి పైగా నడుముకు పైనే ఉంది. ఎడమ వెంటనే కుడి వచ్చే జంట మలుపుల్లో సీటు మీద అటూ ఇటూ పాకే అవసరం తప్పుతుంది. సర్క్యూట్‌కు వెళ్ళిన రోజున సగం పిరుదు జరపండి, అంతకు మించి అక్కడ కూడా వద్దు. జరిగేటప్పుడు హ్యాండిల్ పట్టుకుని లాక్కోకూడదు, ఫుట్‌రెస్టుల మీద బరువు మోపి ఒంటిని ఒక అంగుళం లేపి జరగాలి. ఆ పని బ్రేకు వేయడానికి ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. మలుపులోకి వాలిస్తూ జరిగితే ఆ కుదుపంతా ముందు చక్రానికి చేరుతుంది.

ఇప్పుడు కుడి మలుపులే ఎందుకు మొరాయిస్తున్నాయన్నది. దీనికి మీ చేతుల బిగువు ఒక కారణమైతే, రోడ్డు మరొక కారణం. వాన నీరు పోవడానికి మన రోడ్లను మధ్యలో ఎత్తుగా, రెండంచులకూ వాలుగా వేస్తారు. ఆ వాలు సాధారణంగా రెండు మూడు శాతం, అంటే సుమారు ఒకటిన్నర డిగ్రీ. మనం ఎడమ పక్కన పోతాం గనుక, ఎడమ మలుపులో ఆ వాలు మనల్ని లోపలికి పట్టి ఉంచుతుంది, కుడి మలుపులో బయటికి దొర్లిస్తుంది. మలుపు దగ్గర రోడ్డును బయటి వైపు ఎత్తు చేసి కట్టిన చోట ఈ తేడా పోతుంది. అలా కట్టని పాత రోడ్ల మీద ఎడమకూ కుడికీ మధ్య మూడు డిగ్రీల తేడా ఉంటుంది. ఒళ్ళంతా వేలాడదీసి మీరు సంపాదించిన మూడు డిగ్రీలను అక్కడ రోడ్డే పట్టుకుపోతుంది. కాబట్టి ఒకే వంపు ఉన్న ఎడమ మలుపు కంటే కుడి మలుపులోకి నాలుగైదు కిలోమీటర్లు తక్కువ వేగంతో దిగడం చేతకానితనం కాదు.

రెండో సంగతి యాక్సిలరేటర్. కుడి మలుపులో నెట్టవలసిన చెయ్యీ, యాక్సిలరేటర్ తిప్పవలసిన చెయ్యీ ఒకటే. ఒళ్ళు కుడికి దిగినప్పుడు మోచెయ్యి కూడా దిగి, మీకు తెలియకుండానే మణికట్టు తిరిగి యాక్సిలరేటర్ పెరగడమో, ఉలిక్కిపడి ఒక్కసారిగా మూసెయ్యడమో జరుగుతుంది. గ్రిప్పును సుత్తి పట్టినట్టు అడ్డంగా కాకుండా, స్క్రూడ్రైవర్ పట్టినట్టు ఏటవాలుగా పట్టుకుంటే మోచెయ్యి ఎంత దిగినా మణికట్టు స్వేచ్ఛగా ఉంటుంది. ఈ చిన్న మార్పుతోనే కుడి మలుపులు సరిదిద్దుకున్నవాళ్ళను చూశాను. బండి వాలి దారిలో పడిన తర్వాత యాక్సిలరేటర్‌ను దారం తీసినంత మెల్లగా, ఆపకుండా తెరుస్తూ పోవాలి. అప్పుడు బరువు కొంత వెనక టైరుకు చేరి, ముందు ఫోర్కులు కుదురుగా ఉంటాయి. మధ్యలో భయపడి ఒక్కసారిగా మూసేస్తే బరువంతా ముందు టైరు మీద పడుతుంది. దానికి తోడు ముందు బ్రేకు కూడా గట్టిగా పట్టితే బండి నిటారుగా లేచి తిన్నగా పిట్టగోడ వైపు పోతుంది. కిందటి నెల మీకు జరిగింది ఇదేనని నా అనుమానం. మలుపు మధ్యలో వేగం ఎక్కువైందని తెలిస్తే, చూపును మలుపు చివరకు తిప్పి, లోపలి హ్యాండిల్‌ను ఇంకొంచెం నెట్టండి. నలభై డిగ్రీల దాకా వాలగల బండి మీద ఉన్న మనిషి, ఇరవై ఐదు దగ్గరే ఆశ వదులుకుని రోడ్డు దిగిపోవడం తరచుగా జరిగే ప్రమాదం.

చూపు గురించి అన్నాను గనుక ఇక్కడే చెబుతాను. మనిషి చూసిన చోటికే బండి పోతుంది. ఘాట్‌లో కొన్ని మలుపుల్లో కొండ గోడ మన పక్కన ఉంటుంది, కొన్నిటిలో లోయ ఉంటుంది. ఏది భయపెడితే కన్ను దానికే అతుక్కుంటుంది. మీరు పిట్టగోడను చూశారు, బండి పిట్టగోడకు పోయింది. దానికి బదులు, రోడ్డు రెండంచులూ దూరంగా కలిసిపోయినట్టు కనిపించే చోటును చూడండి. మీరు ముందుకు పోతున్నకొద్దీ ఆ చోటు కూడా మీ వేగంతోనే మీకు దూరంగా జరుగుతుంటే మీ వేగం సరిపోయింది. అది ఆగి మీ మీదికి వస్తున్నట్టు కనిపిస్తే మలుపు ముడుచుకుంటోందని అర్థం, అప్పటికింకా బండి నిటారుగానే ఉంటే వెంటనే తగ్గించాలి. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం గనుక, కనబడుతున్న రోడ్డులో ఆగలేని వేగం ఎప్పుడైనా ఎక్కువ వేగమే.

దారి ఎంపికలో ట్రాకు పాఠం సగమే పనికొస్తుంది. బయటి నుంచి మొదలుపెట్టి లోపలి అంచును తాకి మళ్ళీ బయటికి రావడం నిజమే గాని, రోడ్డు మీద మనకున్న వెడల్పు మన సగమే. కుడి మలుపుకు ఎడమ అంచు దగ్గర నుంచి, కంకరకు ఒక గజం ఎడంగా మొదలుపెట్టి, లోపలికి తిరగడం వీలైనంత ఆలస్యం చేస్తే మలుపు అవతల ఏముందో ముందుగా కనబడుతుంది. ఇక్కడ మీ మిత్రుల పద్ధతిలో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. కుడి మలుపులో టైర్లు మధ్య గీతకు ఇవతలే ఉన్నా, పక్కకు వేలాడిన తల, భుజం గీతకు అవతల ఉంటాయి. ఎదురుగా వచ్చే ఆర్టీసీ బస్సు హెయిర్‌పిన్‌లో (వచ్చిన వైపుకే తిరిగే గట్టి వంపులో) తిరగడానికి దానికి కూడా గీత దాటక తప్పదు. తల అక్కడ ఉండగా బస్సు అక్కడికి వచ్చినప్పుడు మోకాలు ఎంత బాగా దిగింది అన్న ప్రశ్న ఎవరూ అడగరు.

మన జిల్లాల రోడ్లు ఇంకొక పాఠం చెబుతాయి. కావలి నుంచి కోస్తా వైపు పోతే రొయ్యల లోడు బండ్ల నుంచి కారిన నీరు మలుపుల్లోనే ఎక్కువగా చిందుతుంది. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, గడ్డి ఉంటాయి. సరుగుడు కర్రల ట్రాక్టర్లు పోయిన దారిలో బెరడు, పుల్లలు రాలి ఉంటాయి. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల చక్రాలతో వచ్చిన సన్నని దుమ్ము తారు మీద పౌడరులా పరుచుకుంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు నిండుగా డీజిల్ పోయించుకున్న లారీలు హెయిర్‌పిన్‌లలో ఒలకబోస్తాయి, దాని వాసన వచ్చిందంటే వెంటనే నిటారుగా, నెమ్మదిగా పోవాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో మనకు వానలు పడేటప్పుడు మొదటి పది నిమిషాలు మరీ జారుడు. వీటిలో ఏదీ నిన్న లేదు గనుక ఇవాళ ఉండదని చెప్పలేం. అందుకే రోడ్డు మీద వాలు కోణంలో పెద్ద భాగం మిగుల్చుకుని నడపాలి. మీకు మిగిలిన మూడు డిగ్రీలను ఖర్చు పెట్టడానికి కాకుండా దాచుకోవడానికి ఉంచుకోండి. దోర్నాల దారి పులుల అభయారణ్యంలో నుంచి పోతుంది. అక్కడ కోతులు, అప్పుడప్పుడు జింకలు రోడ్డుకు అడ్డం వస్తాయి. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అటవీశాఖ గేటు మూసేస్తుంది గనుక, గేటు పడుతుందన్న ఆత్రంలో సాయంత్రం దిగే ప్రయాణాన్ని అసలు పెట్టుకోవద్దు.

మరి అభ్యాసం ఎక్కడ? మొదట ఇంట్లోనే. మీ బండికి సెంటర్ స్టాండు లేదు గనుక ప్యాడాక్ స్టాండు (వెనక చక్రాన్ని ఎత్తి పట్టే విడి స్టాండు) మీద నిలబెట్టి, ఒక మిత్రుణ్ణి ముందు పట్టుకోమని, రోజూ పది నిమిషాలు పైన చెప్పిన భంగిమలోకి రెండు వైపులా జరిగి రండి. భంగిమలో ఉండగా రెండు చేతులూ హ్యాండిల్ మీద నుంచి తీసి చూడండి. కాళ్ళతోనే నిలవగలిగితే సరిగ్గా కూర్చున్నట్టు. తర్వాత ఊరి బయట రోడ్లు వేసి ఇళ్ళు లేవని లేఅవుట్లు మనకు కొదవ లేదు. యజమాని అనుమతి తీసుకుని, ఒక ఖాళీ కూడలిని చీపురుతో శుభ్రంగా ఊడ్చి, పది మీటర్ల వ్యాసార్ధంతో సుద్ద ముక్కతో వలయం గీయండి. ఆ వలయంలో 25 కిలోమీటర్ల వేగంతో తిరిగితే బండి 26 డిగ్రీలు వాలుతుంది. ఇందాకటి 50 మీటర్ల వంపులో 56 కిలోమీటర్ల వేగంతో పోయినప్పుడు వాలేది కూడా అంతే. వాలు ఒకటే, పడితే తగిలే దెబ్బ మాత్రం ఒకటి కాదు. రెండో గేరులో, యాక్సిలరేటర్ కదలకుండా, కుడి వైపు పది చుట్లు, ఎడమ వైపు పది చుట్లు తిరగండి. కుడికి రెట్టింపు తిరిగినా తప్పు లేదు. లోపలి చేతి వేళ్ళను మధ్యమధ్య వదులు చేసి ఆడించి చూస్తూ ఉండండి. హెల్మెట్, గ్లవ్స్, జాకెట్, చీలమండ కప్పే బూట్లు ఇక్కడ కూడా ఉండాలి.

టైరు సంగతి. వెడల్పాటి టైరు వద్దు. బండి వాలినప్పుడు నేలకు ఆనే చోటు టైరు మధ్య నుంచి లోపలి అంచుకు జరుగుతుంది. టైరు ఎంత వెడల్పైతే అంత ఎక్కువగా జరుగుతుంది గనుక, అదే వేగానికి బండి ఇంకా కొంత ఎక్కువ వాలవలసి వస్తుంది. పైగా ఇరుకు రిమ్ముకు వెడల్పు టైరు బిగిస్తే దాని గుండ్రటి ఆకారం నొక్కుకుపోయి, బండి మలుపులోకి బద్ధకంగా దిగుతుంది. కంపెనీ చెప్పిన కొలతలోనే మంచి రబ్బరు వేయించండి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు చూసి కొనండి. 2324 అని ఉంటే అది 2024లో 23వ వారం తయారైనది. గాలి బండి మీద అంటించిన స్టిక్కరులో ఉన్నంతే, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. టైరు అంచుల్లో అరగని రబ్బరు మిగిలిందని మిత్రులు ఎగతాళి చేస్తే చెయ్యనివ్వండి.

మోకాలు దించాలన్న కోరిక మాత్రం పోదు, నాకూ పోలేదు. దానికి చోటు దగ్గరలోనే ఉంది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల పొడవున్న రేస్ ట్రాకు 1990 నుంచి ఉంది. అక్కడ బండి శిక్షణ రోజులు నడుస్తుంటాయి. రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం, అక్కడ అది పాఠం. ఒక్క రోజులో అక్కడ నేర్చుకునేది మీరు ఘాట్‌లో రెండేళ్ళు తిరిగి నేర్చుకున్నదానికి మించి ఉంటుంది. మోకాలు సాధారణంగా నలభై డిగ్రీలు దాటితే గాని నేలను తాకదు గనుక, తాకితే అక్కడే, మోకాళ్ళకు స్లైడర్లు (నేలను రాసుకునే గట్టి బిళ్ళలు) ఉన్న లెదరు సూటులో తాకనివ్వండి.

మీ నాన్నగారి విషయంలో నేను ఆయనతో సగం ఏకీభవిస్తాను. బండి అమ్మనక్కర లేదు గాని, ఒక మూడు నెలలు ఆదివారపు జట్టును మానండి. ముందున్న వాడి వెనక చక్రాన్ని చూస్తూ వాడి వేగానికి నడపడం అలవాటైనంత కాలం పైన రాసినదేదీ వంటబట్టదు. ఆయనను ఒకసారి ఆ లేఅవుట్ దగ్గరికి తీసుకువెళ్ళి మీరు వలయంలో తిరిగేది చూపించండి. ఆ తర్వాత ట్రాకు రోజుకు డబ్బు అడగండి. బండిని ఏదైనా చిన్న టెంపోలో ఎక్కించి తీసుకువెళ్ళడానికి అయ్యే ఖర్చు కూడా కలిపి అడగండి. రోజంతా ఎండలో ల్యాపులు తిరిగి, తొడలు వణుకుతుండగా, సాయంత్రం అదే బండి మీద సూళ్ళూరుపేట మీదుగా హైవే లారీల మధ్య కావలి దాకా రావద్దు.